పరగడుపు ఆదివారం

ఊరు దాటేటప్పుడు వెంట ఏమేమి పెట్టుకోవాలో జీవమ్మకు నేర్పింది నర్సు ప్రసన్నకుమారి. అది డెబ్బయ్యేడు ఎండాకాలం. జీవమ్మ భర్త పరంజ్యోతికి చక్కెర జబ్బు ముదిరింది. మాత్రలకు లొంగలేదు. ఇక రోజూ రెండు పూటలా సూది తప్పదని నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేసింది. పరంజ్యోతి ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లు చిన్నబడి అయివారుగా చేసి దిగినవాడు. వందల మంది పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి, తన తొడలో తానే సూది గుచ్చుకోవాలంటే వణికింది. అక్షరం ముక్క రాని జీవమ్మ చెయ్యి వణకలేదు. అందుకని సూది ఆమె పాలయింది.

ఆమెకు అంకెలు తెలియవు కాబట్టి ప్రసన్నకుమారి గాజు సిరంజి మీది గీతలు చూపించింది. పొద్దున పెద్ద గీతలు రెండు, వాటి మీద చిన్న గీతలు మూడు. సాయంత్రం పెద్ద గీత ఒక్కటే. సూది వేసిన అరగంటలో మనిషి కడుపులో మెతుకు పడాలి. పడకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది, చెమట పడుతుంది, మాట తప్పుతుంది, తర్వాత మనిషే తప్పుతాడు. అప్పుడు నోట్లో బెల్లం పెట్టాలి. చక్కెర జబ్బు మనిషికి బెల్లమేందమ్మా అని జీవమ్మ అడిగితే, ప్రసన్నకుమారి విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పింది.

మందు ఎండకు చెడిపోతుంది. ఇంట్లో నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో ఉంచితే చాలు. ప్రయాణమైతే చిన్న ముంతలో తడి ఇసుక పోసి, సీసాను మెడ దాకా పూడ్చి, మూతికి తడిగుడ్డ కట్టాలి. సిరంజి ఉడకబెట్టడానికి సత్తు గిన్నె, అగ్గిపెట్టె, సూదులు రెండు ఎక్కువ. దారిలో తినడానికి రొట్టెలు. చివరగా ప్రసన్నకుమారి ఒక అట్టముక్క మీద చీటీ రాసి, చొక్కా జేబులో పెట్టుకోమని పరంజ్యోతికిచ్చింది. రాసింది ఏమిటో జీవమ్మకు కూడా తెలియాలని మూడుసార్లు చదివి వినిపించింది.

అవన్నీ సర్దుకొని మొదటిసారి కోయిలకుంట్లకు పోయినప్పుడు ఒక్క తప్పు జరిగింది. బెల్లం సంచిలో ఉంది. సంచి బస్సు పైకెక్కింది. సగం దారిలో పరంజ్యోతి ముందు సీటు మీదికి వాలిపోయాడు. బస్సు ఆపి, కండక్టరు నిచ్చెన ఎక్కి, మూటలన్నీ తిరగేసి సంచి కిందికి విసిరేసరికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ జీవమ్మ గుండెలు బాదుకొని ఏడ్చింది. బస్సులో వాళ్లంతా ఆమెను చూశారు గానీ ఆమెకు ఎవరూ కనపడలేదు. పరంజ్యోతి లేచి కూర్చున్నాడు. జీవమ్మకు మాత్రం ఆ రోజు పోయిన ఏడుపు మళ్లీ రాలేదు. నవ్వు కూడా అంతే. ఆ తర్వాత చెల్లెలి కొడుకు పుట్టినా, సొంత అన్న పోయినా, ఆమె పోయి, చేయవలసింది చేసి, తిరిగొచ్చింది. బెల్లం మాత్రం అప్పటినుంచి సంచిలో పెట్టలేదు. కొంగున కట్టుకుంది.

సూది మొదలవడానికి కొద్ది రోజుల ముందు ఇంకొకటి జరిగింది. మాత్రలు పనిచేయని రోజుల్లో పరంజ్యోతి ఎవరికీ చెప్పకుండా బండి ఆత్మకూరు దగ్గర ఒక పసరు మందు ఆయన దగ్గరికి పోయాడు. ఆయన పసరు తాగించి, మంత్రం చదివి, దండచేతికి నల్లతాడు కట్టాడు. ఆదివారం గుడిలో పరంజ్యోతి కానుకల సంచి పట్టుకొని తిరుగుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. తాడు సామ్యేలు కంట పడింది. సామ్యేలు సంఘ పెద్దల్లో ఒకడు, పరంజ్యోతికి వరసకు తమ్ముడు. చూసి ఊరుకోలేకపోయాడు. పెద్దలు కూర్చున్నారు. సంఘ పెద్దగా ఉన్నవాడు మంత్రించిన తాడు కట్టుకుంటే ఇక మిగతావాళ్లకు చెప్పేదేముంది అన్నారు. బిషప్పు అయ్యగారు వచ్చి నలుగురి ముందూ మళ్లీ చేర్చుకునేదాకా పరంజ్యోతికి సంస్కారం లేదన్నారు. అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం అందరూ తీసుకుంటుంటే అతను కూర్చునే ఉండాలి.

పరంజ్యోతి తాడు అప్పుడే తెంపేశాడు. ఆ తర్వాత గుడికి పోవడం మానలేదు గానీ వెనక, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. జీవమ్మను ఎవరూ ఆపలేదు. అయినా ఆమె కూడా లేచి ముందుకు పోలేదు. ఆయన లేవలేదు కాబట్టి ఆమె లేవలేదు. మరుసటి ఏడు బిషప్పు అయ్యగారు వచ్చినప్పుడు పరంజ్యోతి కాలి పుండుతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన మళ్లీ వచ్చేది ఏడాదికే.

డెబ్బై తొమ్మిదిలో, ఈస్టరు దాటిన రెండో ఆదివారం నంద్యాలకు రమ్మని కబురు వచ్చింది. కబురు తెచ్చింది సామ్యేలే. ఆ రోజు బిషప్పు అయ్యగారు పేరు పెట్టి పిలుస్తారనీ, పోయి నిలబడి ఒక్క మాట ఒప్పుకుంటే చాలుననీ చెప్పాడు. పరంజ్యోతి ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. పెట్టెలోంచి తెల్లచొక్కా తీయించి, ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు. జీవమ్మతో ఒకే మాట అన్నాడు.

"నేను చచ్చేలోపల ఆ రొట్టె నా నోట్లో పడాల మే. ఇంకేం వద్దు నాకు."

శనివారం మధ్యాహ్నం బస్సుకు బయలుదేరారు. ముంత జీవమ్మ ఒళ్లో ఉంది. శిరివెళ్ల దగ్గర గుడ్డ మళ్లీ తడిపింది. పక్క సీటు ముసలామె అందులో పెరుగా అని అడిగితే కాదు మందు అంది. సాయంత్రానికి నంద్యాలలో చెల్లెలు బాలమ్మ ఇంటికి చేరారు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు జీవమ్మ సిరంజి ఉడకబెట్టింది. పెద్ద గీతలు రెండు, చిన్న గీతలు మూడు. పరంజ్యోతి పంచె పక్కకు జరిపాడు. ఆమె సూది వేసింది. రెండేళ్లుగా ఒక్క పొద్దు తప్పని పని. చేతికి చెప్పనక్కర లేదు. సూది కడిగి పెట్టి, బాలమ్మ చేసిన ఉప్పిండి పళ్లెంలో పెట్టుకొచ్చింది.

పరంజ్యోతి పళ్లెం వైపు చూసి, ఆమె వైపు చూశాడు.

"ఈ పొద్దు సంస్కారం గదా."

జీవమ్మ పళ్లెం పట్టుకొని అట్లాగే నిలబడింది. సంస్కారం తీసుకునే రోజు పరగడుపున పోవాలి. వాళ్ల తాతల నాటినుంచి అంతే. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. నోరు పుక్కిలిస్తే ఉమ్మేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియంది కాదు. ఆయనకూ తెలుసు. కానీ సూది మొదలైంది సంస్కారం ఆగిపోయిన తర్వాత. ఆ రెండూ ఒకే పొద్దున వచ్చింది ఇదే మొదటిసారి. సూది వేసేటప్పుడు ఆమెకు సంస్కారం గుర్తు రాలేదు. వేయించుకునేటప్పుడు ఆయనకూ రాలేదు.

"వేసిన సూది వెనక్కి రాదు బావా. తిను," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు. ఎనిమిదికి ప్రార్థన మొదలైతే తొమ్మిదిన్నరకు అయిపోతుందనీ, బల్ల దగ్గర్నించి లేచిన వెంటనే తింటాననీ, మూడు గంటలకు ఏం కాదనీ చెప్పాడు. బాలమ్మ కూడా అదే అంది. రెండేళ్లు ఓర్చుకున్నాడు, మూడు గంటలు ఓర్చుకోలేడా అక్కా అంది. జీవమ్మ పళ్లెం మీద మూత పెట్టింది. తానూ తినలేదు. కొంగున బెల్లం ముడి ఉందో లేదో చూసుకుంది. ఉంది.

బిషప్పు అయ్యగారి జీపు దారిలో చెడిపోయింది. ఎనిమిదికి మొదలు కావలసిన ప్రార్థన తొమ్మిదింబావుకు మొదలైంది. గుడి నిండిపోయింది. కుడివైపు చాపల మీద మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, నడుమ దారి. పరంజ్యోతిని అన్నిటికన్నా ముందు వరసలో కూర్చోబెట్టారు. సామ్యేలు పక్కనే ఉన్నాడు. జీవమ్మకు ఇటునుంచి భర్త మెడ వెనక భాగం, ఎడమ చెవి, తెల్లచొక్కా వీపు కనపడుతున్నాయి. ఆమె ఆ మూడే చూస్తూ కూర్చుంది.

మొదటి పాటప్పుడు బాగానే ఉన్నాడు. వాక్యం చదివేటప్పుడు కూడా. ప్రసంగం మొదలయ్యాక చొక్కా వీపుకు అంటుకోవడం మొదలైంది. ఎండ కాబట్టి అందరికీ చెమటే. కానీ అందరి చొక్కాలూ చంకల దగ్గర తడిశాయి. ఇతనిది వెన్ను మొత్తం తడిసింది. జీవమ్మ కొంగు ముడి విప్పి, బెల్లం ముక్క చేతిలోకి తీసుకొని, రుమాలులో చుట్టి, మగవాళ్ల వరసల వెంట సామ్యేలుకు పంపించింది. సామ్యేలు దాన్ని పరంజ్యోతి చేతిలో పెట్టడం ఆమె చూసింది. పరంజ్యోతి రుమాలు విప్పకుండానే వెనక్కి ఇచ్చేశాడు. అది అట్లాగే చేతులు మారుతూ ఆమె దగ్గరికి తిరిగొచ్చింది.

"కొంచెం ఓర్చుకోక్కా. ప్రసంగం అయితే పిలుపే," అంది పక్కనున్న బాలమ్మ.

జీవమ్మకు భయం వేయలేదు. వేయవలసిన చోట ఏమీ లేదు. ఎవరో వేరే మనిషి సంగతి లెక్కేసినట్టు లెక్కేసింది. ఇప్పుడు లేచి పోయి పెడితే ఆయన పరగడుపు పోతుంది. బల్ల దగ్గరికి పోడు. బిషప్పు అయ్యగారు మధ్యాహ్నం వెళ్లిపోతారు, మళ్లీ వచ్చే ఏడే. పెట్టకపోతే ఆయన మధ్యాహ్నం దాకా ఉంటాడో ఉండడో. బస్సులో వాలిపోయిన రోజు మొదట చెవి తమ్మె తెల్లబడింది. ఇంకా తెల్లబడలేదు. ఇంకొంచెం ఆగొచ్చు. ఆమె ఆగింది.

ప్రసంగం అయింది. బిషప్పు అయ్యగారు కాగితం తీసి, ఆళ్లగడ్డ సంఘం నుంచి పరంజ్యోతి అని పిలిచారు.

పరంజ్యోతి లేచాడు. లేచేటప్పుడు సామ్యేలు భుజం పట్టుకున్నాడు. నడిచి పోయి మెట్టు ముందు నిలబడ్డాడు. బిషప్పు అయ్యగారు నిదానంగా, అందరికీ వినపడేట్టు, చేసిన తప్పు ఒప్పుకొని ప్రభువు బల్ల దగ్గరికి తిరిగి రావాలని కోరుతున్నావా అని అడిగారు. గుడి అంతా ఆ మాట కోసం చూసింది.

పరంజ్యోతి ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, కూర్చున్న వాళ్లను చూశాడు. చూపుడు వేలు ఎత్తాడు.

"ఓబులేసూ," అన్నాడు. "మద్దిలేటీ. చిన్న నాగన్నా." కొంచెంసేపు ఆగాడు. "నాగన్న రాలేదా? యాడికి పోయినాడు వాడు?"

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఒక మగ గొంతు, పొద్దున్నే వేసుకొని వచ్చినాడప్పా ఈయన అంది. ఇంకొకరు, తాడు పోయి సీసా వచ్చినట్టుండాది అన్నారు. నవ్వు వరసలు దాటింది. పరంజ్యోతి ఎడమ చెవి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

జీవమ్మ లేచింది. ఆడవాళ్ల వైపునుంచి నడుమ దారి దాటి మగవాళ్ల వైపు ఆడమనిషి నడిచిపోవడం ఆ గుడిలో ఎవరూ చూసి ఉండరు. ఆమె నడిచింది. ఆమె చేరేసరికి పరంజ్యోతి మోకాళ్ల మీదికి వచ్చి, పక్కకు ఒరిగాడు. తల కింద కొట్టుకోకుండా సామ్యేలు పట్టుకున్నాడు. జీవమ్మ కూర్చొని తల ఒళ్లోకి తీసుకొని, బెల్లం కొరికి మెత్తగా చేసి, వేలితో అతని దవడ లోపల పెట్టబోయింది. ఒకాయన వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చక్కెర జబ్బు మనిషికి బెల్లం పెడతాండావు, ఏందమ్మా? చంపుతావా ఏంది?"

"జేబులో చీటీ ఉండాది చూడండి," అంది జీవమ్మ.

సామ్యేలు జేబులో వేళ్లు పెట్టాడు. జేబు ఖాళీ. కొత్త ఇస్త్రీ చొక్కా అది. చీటీ నిన్నటి చొక్కాలో, బాలమ్మ ఇంట్లో దండెం మీద ఉంది. మణికట్టు పట్టుకున్నాయన వదలలేదు. డాక్టరును పిలుచుకొచ్చేదాకా ఏమీ పెట్టొద్దని పక్కనున్న వాళ్లు కూడా అన్నారు.

జీవమ్మ పరంజ్యోతి తల వైపే చూస్తూ, చేతిలో కాగితం ఉన్నట్టు, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పింది.

"ఈ మనిషి పేరు పరంజ్యోతి. ఊరు ఆళ్లగడ్డ. ఇతనికి చక్కెర జబ్బు. రోజూ సూది వేస్తారు. చెమట పట్టి, పొంతన లేని మాటలు మాట్లాడి పడిపోతే, తాగినాడు అనుకోవద్దు. ఒంట్లో చక్కెర తక్కువైంది అని అర్థం. వెంటనే నోట్లో బెల్లం గానీ చక్కెర గానీ పెట్టండి. పెడితే లేస్తాడు. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది."

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. గుడిలో నవ్వు ఆగిపోయింది. మణికట్టు మీద చెయ్యి వదులైంది. ఆమె వేలు పరంజ్యోతి దవడలోకి పోయింది. పళ్లు కరుచుకున్నాయి. వేలు మీద పళ్లు దిగినా తీయకుండా బెల్లం చిగుళ్లకు రాసింది. ఒక ముక్క అయ్యాక ఇంకొకటి. ఎవరో నీళ్లు తెచ్చారు. ఇప్పుడే వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది అంది.

అతన్ని ఎత్తి వసారాలోకి తీసుకుపోయి చాప మీద పడుకోబెట్టారు. లోపల ప్రార్థన మళ్లీ మొదలైంది. సంస్కారం పాట వినపడుతుండగా పరంజ్యోతి కళ్లు తెరిచాడు. పైకప్పు చూశాడు. నాలుకతో పెదవి తడుముకున్నాడు. తీపి తెలిసింది. మొహం మారింది.

"పిలిచినారా?" అన్నాడు.

"పిలిచినారు."

"పోయినానా?"

"పోయినావు."

"ఏం చెప్పినాను?"

జీవమ్మ వేలికి గుడ్డ చుట్టుకుంటూ, "హాజరు పిలిచినావు," అంది.

అతను కళ్లు మూసుకున్నాడు. కనుకొలకులనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆమె కొంగుతో తుడిచింది. తుడవడం తప్ప తనకు ఇంకేమీ రాలేదని ఆమెకు తెలిసింది.

పాట అయిపోయింది. అందరూ బయటికి రాకముందే బిషప్పు అయ్యగారు వసారాలోకి వచ్చారు. ఒక చేతిలో రొట్టె పళ్లెం, ఒక చేతిలో గిన్నె. చాప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. సామ్యేలు వెనక నిలబడ్డాడు. అయ్యగారు, సూది వేసుకొని తిండి తినకుండా రమ్మని ఎవరు చెప్పారు నీకు అని అడిగారు. మా నాయన కాలంనుంచి అంతే అయ్యా అన్నాడు పరంజ్యోతి. జబ్బుతో ఉన్నవాణ్ణి కడుపు మాడ్చుకొని రమ్మని తాము ఏ రోజూ అడగలేదనీ, నలుగురి ముందూ నిలబడాలని రావడమే ముఖ్యమనీ, అది అయిందనీ ఆయన చెప్పారు. రొట్టె తుంచి నోటి దగ్గర పెట్టారు.

పరంజ్యోతి ఆ రొట్టె వైపు చాలాసేపు చూశాడు. దాని కోసం రెండేళ్లు చెప్పుల పక్కన కూర్చున్న మనిషి. పెదవులు కదిలాయి. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నోట్లో బెల్లం ఉండాదయ్యా. ఈ నోటితో వద్దు."

సామ్యేలు వంగి, తీసుకో అన్నా, ఆయనే ఇస్తానంటాంటే నీదేంది అన్నాడు. పరంజ్యోతి గోడ వైపునుంచి తిరగలేదు. వచ్చే ఏడు చూద్దాములే అన్నాడు.

బిషప్పు అయ్యగారి చెయ్యి గాలిలోనే ఉంది. ఆ రొట్టెను ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా ఉన్నారు. జీవమ్మ వైపు చూశారు.

"నువ్వమ్మా?"

సామ్యేలు ఆమెను ఎవరూ ఆపలేదనీ, తానే రెండేళ్లుగా తీసుకోలేదనీ చెప్పాడు. జీవమ్మ భర్త వీపు చూసింది. చొక్కా ఇంకా తడిగానే ఉంది. ఊపిరి నిదానంగా తీసుకుంటున్నాడు. ఇక ఏమీ కాదు. ఆమె కూడా బెల్లం కొరికింది. నోటికి తీపి అంటుకునే ఉంటుంది. ఆ సంగతి బిషప్పు అయ్యగారికి తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె నోరు తెరిచింది.

రొట్టె పొడిగా ఉంది. నమిలింది, మింగింది. గిన్నె అందించారు, తాగింది. పరంజ్యోతి గోడ వైపు ఉన్నా, గిన్నె ఆమె పళ్లకు తగిలిన చప్పుడు విన్నాడు. అతని భుజాలు బిగుసుకున్నాయి.

బాలమ్మ ఇంట్లో పరంజ్యోతి ఉప్పిండి తిన్నాడు, అన్నం తిన్నాడు. సామ్యేలు తన బస్సుకు ముందే వెళ్లిపోయాడు. మూడు గంటలకు రిక్షా మాట్లాడుకొని భార్యాభర్తలు బస్టాండుకు వచ్చారు. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. నీడలో బల్ల మీద కూర్చున్నారు. పరంజ్యోతి చేతికర్ర రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకొని దాని మీద గడ్డం ఆనించాడు.

"ఇంకొక్క పది నిమిషాలు ఆగలేకపోతివి," అన్నాడు.

"ఆగలేకపోతి."

మళ్లీ అడిగాడు. ఈసారి కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు.

"నేను వద్దంటి గదా. నువ్వెందుకు తీసుకుంటివి?"

జీవమ్మ ఆలోచించింది. దేవుడి సంగతి చెప్పాలని చూసింది, రాలేదు. రెండేళ్లు కూర్చున్న సంగతి చెప్పాలని చూసింది, అదీ రాలేదు. ఆ వసారాలో, ఆ రొట్టె ముందు, కోయిలకుంట్ల బస్సు తర్వాత మొదటిసారి ఆమెకు తన ఒంట్లో ఒకటి తెలిసింది. అది ఏమిటో చెప్పడానికి ఒక్క మాటే ఉంది.

"ఆకలైంది బావా," అంది.

పరంజ్యోతి తల తిప్పి ఆమెను చూశాడు. బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. జీవమ్మ ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టుకొని, అతని కోసం చెయ్యి చాపింది.